రొయ్యకున్న తూకం లడ్డూకి లేదు

అమలాపురం నుంచి ఉప్పలగుప్తం మీదుగా సముద్రం వైపు సాగేకొద్దీ కొబ్బరితోటలు పలచబడి, వరిచేలు తగ్గి, రొయ్యల చెరువులు కనిపిస్తాయి. వాసాలతిప్ప, ఎస్.యానాం దాకా చాలాచోట్ల ఏరేటర్ల చప్పుడే. చెరువు పట్టుబడి రోజున కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) తేలుతుంది, ఐసు పడుతుంది, సరుకు లారీ ఎక్కుతుంది. ఆ హడావిడిలో రైతునూ కొనేవాడినీ కూడా భయపెట్టేది నల్లమచ్చ. రొయ్య చచ్చిన కొన్ని గంటలకు తల దగ్గర, పెంకు అంచుల్లో నలుపు తేలుతుంది. దాని ఒంట్లోనే ఉన్న ఎంజైము టైరోసిన్ అనే పదార్థాన్ని మెలనిన్‌గా మారుస్తుంది. కోసిపెట్టిన వంకాయ ముక్క నల్లబడటం కూడా ఇలాంటి పనే. ఆ మచ్చ తినేవాడికి చేసే కీడేమీ లేదు. ధరకు మాత్రం చేస్తుంది. అందుకని, ముఖ్యంగా తలతో సహా అమ్మే సరుకును, సోడియం మెటాబైసల్ఫైట్ కలిపిన నీళ్లలో ముంచి తీయడం రొయ్యల వ్యాపారంలో ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. ఆహార సంకలితాల అంతర్జాతీయ పట్టికలో దాని సంఖ్య 223.

ఈ పొడికి లెక్క ఉంది. పచ్చి రొయ్యలో తినే భాగానికి కిలోకి 100 మిల్లీగ్రాములు, ఉడికించిన దానిలో 30 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ప్రమాణం. అమెరికాలో కిలోకి 10 మిల్లీగ్రాములున్నా పొట్లం మీద రాయాలి. ఇక యాంటీబయోటిక్ అవశేషాల సంగతి చెప్పనక్కర్లేదు. మన దేశపు చెరువు రొయ్య యూరప్ రేవు చేరితే, 2016 నుంచి ప్రతి వంద సరుకుల్లో యాభైని అక్కడ పరీక్షకు పంపుతున్నారు. కోనసీమ చెరువులో పెరిగిన రొయ్య ఎక్కడో ఒకరి కంచంలో పడేలోపు దానికి అన్ని తూకాలు.

ఇదే ఉప్పలగుప్తం మండలంలో బడి గేటు ముందు బండి మీద అమ్మే ఎర్ర ఐసుకి, పెళ్లిలో వడ్డించే పచ్చటి లడ్డూకి, తీర్థంలో పిల్లాడు పట్టుకు తిరిగే గులాబీరంగు పీచుమిఠాయికి ఏ తూకం ఉంది? ఆహార సంకలితాల గురించి ఎన్నో ఏళ్లుగా సాగుతున్న వాదాన్ని ఈ ప్రశ్న దగ్గర నిలబడి చూడాలని నా ఉద్దేశం. మన భయమంతా పొట్లం మీద అచ్చయిన సంఖ్యల చుట్టూ తిరుగుతోంది. నిజమైన ముప్పులో ఎక్కువ భాగం సంఖ్యే లేని చోట, చేత్తో వేసే చిటికెలో ఉంది.

మొదట మూడు సంగతులు విడదీయాలి. నిల్వ, రంగు, రుచి, చిక్కదనం లాంటి ఒక పనికోసం తెలిసి, అనుమతితో, కొలిచి వేసేది సంకలితం. పంటకో పశువుకో వాడిన మందు తిండిలో మిగిలిపోతే అది అవశేషం. వేయకూడనిది వేస్తే కల్తీ. రొయ్యలో సల్ఫైట్ మొదటి రకం, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయోటిక్ రెండో రకం, పసుపుపొడిలో సీసం ఉన్న రంగు మూడో రకం. వార్తల్లో ఈ మూడూ ఒకే గంపలో పడతాయి. 2015లో మ్యాగీ గొడవ ఇందుకు మంచి ఉదాహరణ. ఉత్తరప్రదేశ్‌లో తీసిన నమూనాలో సీసం పరిమితికి మించి ఉందన్నది ఒక ఆరోపణ. ఎంఎస్‌జీ (మనం అజినోమోటో అనే మోనోసోడియం గ్లుటమేట్) కలపలేదని పొట్లం మీద రాసి ఉన్నా లోపల గ్లుటమేట్ కనబడిందన్నది ఇంకొకటి. సీసం విషం. గ్లుటమేట్ విషయంలో తప్పు ఏదైనా ఉంటే అది రాతలోది. జూన్‌లో నిషేధం వచ్చింది, ఆగస్టులో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. జనం మనసులో మాత్రం అజినోమోటో అంటే విషం అన్న మాటే మిగిలింది.

ఆ అజినోమోటో సంగతి ఇక్కడే తేల్చేద్దాం. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు పులుసులోని రుచికి మూలం గ్లుటమేట్ అని కనిపెట్టాడు. 1968లో అమెరికాలో ఒక వైద్య పత్రికకు రాబర్ట్ హో మన్ క్వాక్ అనే వైద్యుడు ఉత్తరం రాశాడు. చైనా హోటళ్లలో తిన్నాక మెడ వెనక తిమ్మిరి, గుండెదడ వస్తున్నాయని, కారణం ఏమై ఉంటుందోనని అందులో అడిగాడు. అక్కడ మొదలైన అనుమానం ప్రపంచమంతా పాకింది. ఆ తర్వాత, తింటున్నది ఎంఎస్‌జీనో కాదో తెలియకుండా మనుషుల మీద చేసిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా రాలేదు. తిండి లేకుండా ఒకేసారి మూడు గ్రాములకు మించి తీసుకున్న కొందరికి తలనొప్పి, ఒళ్లు వెచ్చబడటం లాంటివి కాసేపు కనిపించాయి. మనం పులుసులో వేసుకునే టమాటాలో, వంకాయకూరలో వేసుకునే ఎండురొయ్యల్లో సహజంగా ఉన్నదీ గ్లుటమేటే. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో ఒంటి బరువు కిలోకి రోజుకు 30 మిల్లీగ్రాములని హద్దు పెట్టింది. ఏడాదిలోపు బిడ్డలకు వద్దని మన నిబంధన. అంతకుమించి దీన్ని భూతం చేయాల్సిన పని లేదు. చౌమీన్ బండి దగ్గర దానికంటే ముందు చూడాల్సింది సాస్ రంగునీ, మరిగి మరిగి నల్లబడ్డ నూనెనీ.

హద్దు ఎలా పెడతారో తెలిస్తే తక్కిన కథ సులువవుతుంది. జంతువులకు పెంచుకుంటూ పెడతారు. ఏ మోతాదు దాకా చెడు కనబడలేదో చూసి, సాధారణంగా దాన్ని వందతో భాగిస్తారు. మనిషికీ జంతువుకీ తేడా ఉంటుందని పది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో పది. అలా వచ్చిన అంకె జీవితాంతం రోజూ తిన్నా ఫర్వాలేదనుకునే మోతాదు. దీన్ని ఒంటి బరువు కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. ఈ లెక్క పెద్దవాళ్లను బాగానే కాపాడుతుంది. పదిహేను కిలోల పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి హద్దు ఇరుకవుతుంది, తిండిలో మిఠాయి వాటా పెరుగుతుంది.

అందుకే రంగుల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మన దేశంలో అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది. ఎరుపులు మూడు: పాన్సో 4ఆర్, కార్మోయిజిన్, ఎరిత్రోసిన్. పసుపు వర్ణాలు రెండు: టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో. నీలాలు రెండు: ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ. ఆకుపచ్చ ఒకటి: ఫాస్ట్ గ్రీన్. అవీ అన్నిటిలో వేయకూడదు. మిఠాయి, ఐస్‌క్రీం, బిస్కెట్, శీతలపానీయం లాంటి కొన్నిటిలోనే, అదీ చాలావాటికి కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకుండా. పసుపు, కారప్పొడుల్లో అసలు వేయకూడదు.

కాగితం మీద నిబంధన ఇది. వీధిలో సంగతి ఏమిటన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చూశారు. పెద్ద కంపెనీలు కాకుండా చిన్న దుకాణాల్లో, బండ్ల మీద చేసి అమ్మే 545 రకాల తినుబండారాలను హైదరాబాద్‌లో సేకరించి పరీక్షించి 2004లో ప్రచురించారు. తొంభై శాతంలో ఉన్నవి అనుమతి ఉన్న రంగులే. ఇది వింటే ఊరటే. కానీ ఆ అనుమతి ఉన్న రంగులు వేసిన వాటిలో 73 శాతం హద్దు దాటాయి. ఎనిమిది శాతంలో పూర్తిగా అనుమతి లేని రంగులే ఉన్నాయి. మిఠాయిల్లో అత్యధికంగా కిలోకి 18,767 మిల్లీగ్రాములు తేలింది. ఆ రంగు టార్ట్రజీన్ అనుకుంటే, యూరప్ హద్దు ప్రకారం పదిహేను కిలోల పిల్లాడికి రోజు మొత్తానికి సరిపడే మోతాదు ఆ మిఠాయి ఆరు గ్రాముల ముక్కలోనే అయిపోతుంది. ఈ పరిశోధన జరిగి రెండు దశాబ్దాలు దాటింది. వంటవాడి గరిటె పక్కన తూకపు యంత్రం అప్పుడు లేదు, ఇప్పుడూ కనబడదు. రంగుపొడి డబ్బాలోంచి చెంచా కొసతో తీసి పాకంలో దులపడమే కొలత. రంగు కాస్త తక్కువైతే లడ్డూ వెలవెలబోయిందని పెళ్లివారు అంటారని వంటవాడి భయం. ఆ భయం పెట్టింది మనమే.

హద్దులోనే వేసినా ఒక్క రంగుతో తిప్పలు తప్పవు. ఎరిత్రోసిన్ హద్దు కిలో బరువుకి రోజుకు 0.1 మిల్లీగ్రాము. అదే పిల్లాడికి ఒకటిన్నర మిల్లీగ్రాములు. చట్టం ఒప్పుకున్న 100 చొప్పున వేసిన మిఠాయి పదిహేను గ్రాములు తింటే రోజు హద్దు పూర్తి. మగ ఎలుకల్లో థైరాయిడ్ కణుతులు వచ్చాయన్న పాత పరీక్షల ఆధారంగా, క్యాన్సర్ తెచ్చే దేనికీ తిండిలో చోటివ్వని 1960 నాటి చట్టాన్ని అనుసరించి, అమెరికా 2025 జనవరిలో తిండిలో ఈ రంగుకు అనుమతి తీసేసింది. ఎలుకలో జరిగిన తీరు మనిషిలో జరగదని అనుమతి తీసేసిన సంస్థే చెప్పింది కూడా. మన ఎనిమిదింటి జాబితాలో ఈ రంగు ఉంది. దాన్ని తీసేస్తే మిఠాయి కొట్టుకు వచ్చే నష్టం ఏమీ లేదు కాబట్టి తీసేయాలన్నదే నా మాట.

రంగులకూ పిల్లల చంచలత్వానికీ ఉన్న సంబంధం దీనికంటే చిక్కైన ప్రశ్న. ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడేళ్ల పిల్లలకూ, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకూ, సుమారు మూడువందల మందికి, కొన్ని వారాలు రంగులూ, నిల్వకోసం వేసే సోడియం బెంజోయేటూ కలిపిన పానీయాలు, కొన్ని వారాలు ఉత్త పానీయాలు ఇచ్చి చూశారు. 2007లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. సగటున చిన్న తేడా కనబడింది. పిల్లలందరిలో ఒకేలా లేదు, రంగువల్లనా బెంజోయేట్‌వల్లనా తేలలేదు. అయినా యూరప్ ఆగలేదు. 2010 జులై నుంచి ఆ పరీక్షలో వాడిన ఆరు రంగుల్లో ఏది వాడినా పిల్లల చురుకుదనం మీద, ధ్యాస మీద చెడు ప్రభావం ఉండవచ్చని పొట్లం మీద రాయాల్సిందే. కంపెనీలు హెచ్చరిక రాయడానికి ఇష్టపడక బీట్‌రూట్‌కీ పసుపుకీ మారాయి. ఆ ఆరింటిలో నాలుగు మన జాబితాలో ఉన్నాయి.

అనుమతే లేని రంగుల గొడవ కోనసీమ గడప దాకా వచ్చింది. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలో పీచుమిఠాయి నమూనాల్లో రోడమిన్-బి బయటపడింది. అది బట్టలకూ కాగితానికీ వేసే రంగు. ఆహార భద్రతా శాఖ నుంచి నాణ్యత ధ్రువీకరణ తెచ్చుకునేదాకా పీచుమిఠాయి అమ్మకూడదని పుదుచ్చేరి ఆంక్ష పెట్టింది. ఎదుర్లంక వంతెన దాటితే వచ్చే యానాం పుదుచ్చేరిలో భాగం (ఉప్పలగుప్తం మండలంలోని ఎస్.యానాం వేరే ఊరు). అదే నెలలో తమిళనాడు నిషేధించింది. మార్చిలో కర్ణాటక, రోడమిన్ వేసిన పీచుమిఠాయినీ, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులనీ నిషేధించింది. తిండి వంతెన దగ్గర ఆగదు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో, మాఘంలో అంతర్వేది తీర్థంలో బారులుతీరే మిఠాయి బండ్లకు సరుకు ఏ ఊరి నుంచైనా వస్తుంది. రోడమిన్-బి లేత గులాబీతో సరిపెట్టదు, మెరుస్తుంది. నాలుకకూ వేళ్లకూ పట్టుకుని కడిగినా వదలని మెరిసే గులాబీ కనబడితే అనుమానించాలి. లడ్డూకీ పప్పులకూ వేసే మెటానిల్ ఎల్లో కూడా అనుమతి లేనిదే. రంగు కలిసిన నీళ్లలో నాలుగు చుక్కలు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే పసుపు కాస్తా గులాబీ ఊదాలోకి తిరుగుతుంది. ఏ హైస్కూలు ప్రయోగశాలలోనైనా సైన్సు మాస్టారు పిల్లల చేత చేయించగల పరీక్ష ఇది.

రంగు వేయడం ఒక ఎత్తు, ఉన్న రంగు తీసేయడం ఇంకో ఎత్తు. కొత్తపేట డివిజన్‌లోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డతో లాగిన రేకు, నెయ్యి, బెల్లం పొడి. వీటిలో సంకలితానికి చోటే లేదు. కానీ బెల్లం ఎక్కడిది, ఎలా వండింది? చెరుకురసం తేర్చడానికి పూర్వం సున్నపు తేట వేసేవారు. మార్కెట్‌లో పచ్చటి బెల్లానికి రేటెక్కువ, నల్లబెల్లాన్ని అడిగేవాడు లేడు. దాంతో గానుగల దగ్గరికి హైడ్రోస్ చేరింది. సోడియం హైడ్రోసల్ఫైట్ అన్నది దాని అసలు పేరు, బట్టల అద్దకంలో వాడేది. పాకంలో వేస్తే రంగు విరిగి బంగారంలా తేలుతుంది. బెల్లంలో గంధక డయాక్సైడ్ కిలోకి 70 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. రొయ్యను నల్లబడకుండా ఆపేదీ, బెల్లాన్ని తెల్లబరిచేదీ గంధకపు వంశమే. ఒకదానికి రేవులో పరీక్ష, రెండోదానికి కొనేవాడి కంటిచూపు. ఆ కంటిచూపు తప్పుదారిలో ఉంది. ముదురు రంగు బెల్లాన్ని ధర తగ్గించకుండా కొన్న రోజున హైడ్రోస్ దానంతట అదే పోతుంది.

సల్ఫైట్లు ఒంట్లో ఏం చేస్తాయంటే, ఎక్కువమందికి ఏమీ చేయవు. శరీరంలోని ఒక ఎంజైము వాటిని సల్ఫేటుగా మార్చి బయటికి పంపేస్తుంది. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి కాస్త తగిలినా ఊపిరి బిగుస్తుంది. హోటళ్లలో పచ్చి కూరముక్కలు వాడిపోకుండా చల్లిన సల్ఫైట్‌వల్ల మరణాలు నమోదయ్యాక, పచ్చిగా తినే పండ్ల మీద, కూరల మీద దాన్ని అమెరికా 1986లో నిషేధించింది. తిండిలోని బి1 విటమిన్‌ను కూడా సల్ఫైట్ చెడగొడుతుంది. మన దగ్గర కూడా కిలోకి 10 మిల్లీగ్రాములో అంతకుమించో ఉంటే పొట్లం మీద ప్రకటించాలి. పొట్లమే లేని బెల్లపు దిమ్మ మీద ఎవరు ప్రకటిస్తారు? రొయ్యల కోసం మెటాబైసల్ఫైట్ పొడిని నీళ్లలో కలిపేటప్పుడు లేచే ఘాటు వాయువు షెడ్లలో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల గొంతుల్లోకీ వెళుతుంది. కొనేవాడి కంచానికి ఉన్న హద్దుతో పాటు వాళ్లకు గాలి ఆడే షెడ్డూ, ముక్కుకి సరైన మాస్కూ ఉండాలి.

తక్కినవాటిని త్వరగా చూద్దాం. రొట్టె పొంగడానికి వాడిన పొటాషియం బ్రోమేట్‌కు క్యాన్సర్ అనుమానం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1999 నాటికే చెప్పింది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) 2016లో అక్కడి రొట్టెల్లో దాని జాడ చూపాక మన దేశం ఆ ఏడే నిషేధించింది. ఒక మంచి పరీక్ష వెలుగుచూస్తే ఎంత త్వరగా పని జరుగుతుందో ఇది చెబుతుంది. సోడియం బెంజోయేట్‌ను శరీరం తేలిగ్గానే వదిలించుకుంటుంది. విటమిన్ సి ఉన్న పానీయంలో, ఎండకు పెట్టిన సీసాలో మాత్రం కొద్దిగా బెంజీన్ పుట్టవచ్చు. కొట్టు ముందు ఎండలో పేర్చిన కూల్‌డ్రింకులు కొనకపోవడం మేలు. పంచదారకు బదులు వాడే అస్పర్టేమ్‌ను 2023లో క్యాన్సర్ తేవచ్చేమో అన్న వరుసలో పెట్టారు, రోజు హద్దును మాత్రం కిలోకి 40 మిల్లీగ్రాముల దగ్గరే ఉంచారు. దానికంటే పనికొచ్చే మాట అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది: బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని. తెల్లదనానికి వేసే టైటానియం డయాక్సైడ్‌ను, జన్యువులకు హాని లేదని తేల్చలేమని యూరప్ 2022లో తిండి నుంచి తీసేసింది.

నూనె, నీరు విడిపోకుండా వేసే ఎమల్సిఫయర్ల మీద ఇప్పుడు అసలైన పరిశోధన సాగుతోంది. 2015లో ఎలుకల్లో పేగు గోడ మీది జిగురుపొరను అవి పలచబరిచాయని నేచర్ పత్రికలో వచ్చింది. 2023లో ఫ్రాన్సులో వేలమంది ఆహారపు లెక్కలు చూస్తే, కొన్ని ఎమల్సిఫయర్లు ఎక్కువ తిన్నవాళ్లలో గుండెజబ్బులు కాస్త ఎక్కువ కనిపించాయి. అలాంటి తిండిలో ఉప్పూ పంచదారా కూడా ఎక్కువే కాబట్టి నేరం ఎవరిదో ఇంకా తేలాలి. 2024లో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు, ఒక్కో సంఖ్యను వెతికి భయపడమనకుండా, అతిగా శుద్ధిచేసిన పొట్లాల తిండినే తగ్గించమన్నాయి. సరైన సలహా.

సంఖ్య కనబడగానే బెదరడం కూడా తప్పే. 500 అంటే మనింటి వంటసోడా వర్గం. 330 నిమ్మఉప్పు, 300 విటమిన్ సి, 100 పసుపులోని రంగు. పొట్లం మీద సంఖ్య ఉందంటే అక్కడ ఎవరో ఒకరు జవాబుదారీగా ఉన్నారని అర్థం. బండి మీది ఎరుపుకీ పచ్చదనానికీ ఆ జవాబుదారీ లేదు.

బండివాడిని దొంగను చేయడం నా ఉద్దేశం కాదు. అతడి దగ్గర తూకం లేదు, రంగుడబ్బా మీది చిన్న అక్షరాలు చదివి చెప్పేవాడూ లేడు. రొయ్య రైతుకు హద్దులు నేర్పడానికి ఎగుమతి సంస్థ, సాంకేతిక సిబ్బంది, ప్రయోగశాల అన్నీ కదిలాయి, ఎందుకంటే సరుకు తిరిగొస్తే డాలర్లు పోతాయి. మన పిల్లాడు తిన్న మిఠాయి తిరిగిరాదు కాబట్టి ఎవరూ కదల్లేదు. తీర్థం కమిటీలు అంగళ్లకు చోటిచ్చేటప్పుడే రంగుడబ్బా చూపమని అడగవచ్చు. పెళ్లి వంట మాట్లాడుకునేటప్పుడు రంగు వద్దని ఒక్క మాట చెబితే ఆ పెళ్లికి రంగు రాదు.

అనుమానం వచ్చినవారికి చట్టమే ఒక దారి ఇచ్చింది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం, తిండి కొన్న ఎవరైనా, పరీక్షకు పంపుతున్నానని అమ్మినవాడికి కొనేటప్పుడే చెప్పి, రుసుము కట్టి ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. తప్పు తేలితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. ఈ హక్కును రాబోయే కనుమ తీర్థానికి ముందే వాడుకోండి.